మోరిసుకి తీసుకెళ్ళిన తుండుగుడ్డ

మేము మారిషస్ వెళ్ళొచ్చామన్న కబురు మాకంటే ముందే యానాం చేరిపోయింది. వచ్చిన దగ్గర్నుంచీ ఫోన్లే ఫోన్లు. పాండిచ్చేరి నుంచి ఒకరు, విశాఖ నుంచి ఒకరు, "పెళ్ళైన కొత్తలో వెళ్ళాల్సిన చోటికి మనవలు పుట్టాక వెళ్ళారటగా" అని వేళాకోళాలు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేదు. మన ఇంటి సంగతులన్నీ ఇక్కడే రాసుకుంటున్నాం కాబట్టి ఇదీ ఇక్కడే రాసేస్తున్నాం. గది ఎలా ఉంది, ఖర్చెంత, అన్నం దొరికిందా అని అడిగినవాళ్ళకి జవాబులు మధ్యలో వస్తాయి. అసలు చెప్పాల్సింది మాత్రం అమ్మ సంచిలో పెట్టుకుని తీసుకెళ్ళిన తుండుగుడ్డ గురించి.

ముందు ఎవరెవరం వెళ్ళామో చెప్పాలి. అమ్మ, మేము ఇద్దరన్నదమ్ములం, ఇంటి కోడళ్ళిద్దరు, ఫ్రాన్సులో ఉద్యోగం చేస్తున్న మా చెల్లెలి కూతురు. మొత్తం ఆరుగురం. ఆ పిల్ల తాతగారు 1962లో ఫ్రెంచి పౌరసత్వం ఎంచుకున్న యానాం వాళ్ళలో ఒకరు. అందుకని వాళ్ళు అక్కడివాళ్ళయ్యారు, మేము ఇక్కడివాళ్ళం అయ్యాం. అమ్మకి ఎనభై నిండిన సందర్భానికి ఏదైనా చెయ్యాలని ఆ పిల్ల ఎప్పట్నుంచో పట్టుబడుతోంది. పట్టుచీర వద్దంది అమ్మ. బంగారం వద్దంది. "సముద్రం ఒడ్డున, ఎవరూ రాని చోట, నాలుగు రోజులు నిన్ను కూర్చోబెట్టి చాకిరీ చేయిస్తాను అమ్మమ్మా" అంటే అదీ వద్దంది. "మన ఊరి పక్కన లేదా సముద్రం?" అంది. చివరికి ఆ ద్వీపం పేరు చెప్పాక మాత్రం కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మోరిసా? మోరిసైతే వస్తాను" అంది.

ఈ మాట ఎందుకందో మన ఇంట్లో పెద్దవాళ్ళకి తెలుసు. పిల్లల కోసం చెబుతున్నాం.

సంక్రాంతినాడు మనింట్లో పెద్దలకి పెట్టుకుంటాం కదా. గోడకి పసుపు రాసి, బొట్లు పెట్టి, ఆకులో అన్నం, గారెలు, గుమ్మడికాయ కూర, ఆ పక్కనే పోయినవాళ్ళ పేరు చెప్పి కొత్త బట్టలు. తర్వాత ఆ బట్టలు ఇంట్లోవాళ్ళే కట్టుకుంటారు. ఆ వరసలో చివర ఒక తుండుగుడ్డ ఉంటుంది. దానికి పేరు చెప్పరు. మా నాయనమ్మ దాన్ని "ఓడెక్కినాయనకి" అని పెట్టేది. మా తాతగారి తాతగారికి ఒక తమ్ముడుండేవాడట. కోరంగి రేవులోనో కాకినాడలోనో ఓడెక్కి మోరిసు వెళ్ళాడు. ఏ ఏడో ఎవరికీ తెలీదు. ఒక్క కబురు కూడా రాలేదు. పోయాడని తెలిస్తే పంచె పెట్టాలి. ఉన్నాడంటే అసలు పెట్టకూడదు. ఏదీ తెలియక మధ్యేమార్గంగా తుండు పెట్టడం మొదలుపెట్టారు. ఆయన భార్య చివరి రోజు దాకా బొట్టు తీయలేదని మా నాయనమ్మ చెప్పేది. ఆయన పేరు మాత్రం ఆవిడకీ తెలీదు. కోడలిగా వచ్చిన మా అమ్మ ఆ అలవాటు తీసుకుని అరవై ఏళ్ళుగా మానకుండా నడిపిస్తోంది. ఈ ఏడు సంక్రాంతికి పెట్టిన తుండుని ఎవరికీ ఇవ్వకుండా దాచి, ఆగస్టులో మాతోపాటు విమానం ఎక్కించింది.

ఇది ఒక్క మనింటి కథే అనుకుంటే పొరపాటు. యానాంకీ ఆ ద్వీపాలకీ ఉన్న సంబంధం మన బడిపుస్తకాల్లో లేదు గానీ చాలా పాతది. మారిషస్ 1715 నుంచి 1810 దాకా ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉండేది. దాన్ని అప్పుడు ఇల్ ద ఫ్రాన్స్ అనేవారు. అదే కాలంలో యానాం కూడా వాళ్ళదే. ఒకే కంపెనీ ఓడలు రెండు చోట్లా ఆగేవి. ఫ్రెంచి విప్లవం నాటికి యానాంలో అధికారిగా ఉన్న పియెర్ సొన్నెరా అనే ప్రకృతి శాస్త్రవేత్త అంతకుముందు ఆ ద్వీపంలో పనిచేసినవాడే. కోరంగి మడ అడవుల్లో పెరిగే సొన్నెరేషియా జాతి చెట్లకి ఆయన పేరే పెట్టారు. మొక్కలే కాదు, మనుషులూ వెళ్ళారు. 18వ శతాబ్దంలో మన కోరమాండల్ తీరం నుంచి కూడా బానిసల్ని అక్కడికి తీసుకెళ్ళారు. ఆ పక్కనున్న రీయూనియన్ ద్వీపానికి 1828 ప్రాంతంలోనే యానాం నుంచి తెలుగు కూలీలు ఒప్పందం మీద వెళ్ళారు. తర్వాత 1834 నవంబరు 2న కలకత్తా నుంచి 36 మందితో అట్లాస్ అనే ఓడ మారిషస్‌లో దిగింది. మరుసటి ఏడు ఫిబ్రవరి 1న అక్కడ బానిసత్వం రద్దయింది. బానిసలు వదిలేసిన చెరుకుతోటల్లోకి కూలీలు కావలసి వచ్చారు. 1920 వరకూ దాదాపు నాలుగున్నర లక్షల మంది మన దేశం నుంచి వెళ్ళారు. మన వైపు నుంచి వెళ్ళినవాళ్ళని అక్కడివాళ్ళు ఎక్కిన రేవు పేరుతోనే పిలిచారు. కోరంగీలు. బర్మాలో కూడా మనవాళ్ళ పేరు అదే. ఆ రేవుని 1789లో ఒకసారి, 1839లో మరోసారి ఉప్పెనలు ముంచేశాయి. తర్వాత ఇసుక మేటలు వేసి పూడిపోయింది. రేవు పోయినా దాని పేరు మాత్రం సముద్రాలవతల మనుషులకి అంటుకుని మిగిలింది.

సరే, ఇక హోటలు సంగతి.

విమానాశ్రయం ద్వీపానికి ఆగ్నేయాన ఉంది. మేం దిగాల్సింది నైరుతి మూలన, లె మోర్న్ అనే ద్వీపకల్పం మీద. కారులో గంటకి పైగా ప్రయాణం. దారి పొడుగునా చెరుకుతోటలు, మధ్యలో చిన్న చిన్న ఊళ్ళు, గుళ్ళు, చర్చిలు. తర్వాత ఉన్నట్టుండి నిటారుగా ఒక నల్లకొండ, దాని పాదాల చుట్టూ సముద్రం. ఆ కొండకీ నీళ్ళకీ మధ్య ఉన్న సన్నటి నేల మీదే హోటళ్ళన్నీ. మేం దిగిన హోటలు పేరు రాయడం లేదు, ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది. గేటు దగ్గర అడ్డకర్ర, కాపలాదారు, చేతిలో పేర్ల పట్టీ. పేరు సరిచూసుకున్నాకే లోపలికి వదిలారు. లోపలికి వెళ్ళగానే చల్లటి తడిగుడ్డ, నిమ్మగడ్డి షర్బతు చేతికిచ్చారు. గదంటే గది కాదు, విడి ఇల్లు. పైన చెరుకాకుతో నేసిన కప్పు.

అమ్మ తలెత్తి ఆ కప్పుని చూసింది. "రాత్రికి ఎంతే అమ్మాయ్ దీనికి?" అంది. మనవరాలు ముందు చెప్పలేదు. గట్టిగా అడిగితే చెప్పింది. యానాంలో ఒక మంచి ఇంటికి నాలుగైదు నెలల అద్దె అవుతుంది. "తాటాకింట్లోంచి డాబాలోకి రావడానికి మీ తాతయ్యకి ముప్పై ఏళ్ళు పట్టింది. మళ్ళీ పాకలో పడుకోడానికి ఇంత డబ్బా?" అంది. మేమందరం నవ్వాం. నవ్వాం గానీ ఆ మాటకి జవాబు లేదు.

ఇంకా విడ్డూరాలు చాలానే ఉన్నాయి. మంచం మీద తెల్ల తువ్వాళ్ళని హంసల్లా మడిచి, ముక్కు ముక్కు ఆనించి, చుట్టూ పూలరేకులు చల్లారు. వాటిని విప్పడానికి అమ్మకి మనసొప్పక రెండు రోజులు కుర్చీ మీద పెట్టింది. స్నానాల గదికి కప్పే లేదు, ఆకాశం కిందే పోసుకోవాలి. కోడళ్ళిద్దరూ మొదటి రోజు పైన చీరకట్టి పోసుకున్నారు. మధ్యాహ్నం చీర ఆరేస్తూ అమ్మ, "నీడ దక్షిణానికి పడిందేంట్రా?" అని అడిగింది. భూమధ్యరేఖకి అవతల ఉన్నాం కాబట్టి సూర్యుడు ఉత్తరంగా వెళ్తాడని చెప్పాం. అక్కడ ఆగస్టంటే చలికాలం, సాయంత్రానికి శాలువా కావాల్సొచ్చింది. వెళ్ళేవాళ్ళు గుర్తుపెట్టుకోండి.

తిండి గురించి బెంగపడక్కర్లేదు. పొద్దున్నే పెట్టే పలహారాల్లో ఫ్రెంచి రొట్టెల పక్కన ఒక పళ్ళెంలో గుండ్రటి చిన్న గారెలు కనబడ్డాయి. పేరు గాతో పిమాం, అంటే మిరపకాయ కేకులు. తింటే మన శనగపప్పు వడే. మునగాకుని అక్కడ బ్రెద్ మురూమ్ అంటారు, చారులా కాచి ఇస్తారు. ధాల్ పురీ వీధి బళ్ళ మీద దొరుకుతుంది, హోటల్లో కన్నా అక్కడే బాగుంది.

సముద్రం మాటకొస్తే, అది మన సముద్రం కాదు. తీరానికి దూరంగా పగడపు దిబ్బ గోడలా అడ్డం నిలబడింది. అలలు అక్కడే విరిగిపోతాయి. తెల్లటి గీతలా నురుగు కనబడుతుంది, హోరు మాత్రమే ఒడ్డుకొస్తుంది. గోడకి ఇవతల నీళ్ళు చెరువులా నిలకడగా ఉంటాయి. కాళ్ళకి రబ్బరు జోళ్ళు వేసుకోమని ముందే చెప్పారు, అడుగున ముళ్ళజీవాలు ఉంటాయట.

అమ్మ నీళ్ళలో దిగుతుందని మేము అనుకోలేదు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను మనందరికీ గుర్తే. భైరవపాలెం, బలుసుతిప్ప వైపు నుంచి మర్నాడు వచ్చిన మనుషుల్ని మా అరుగు మీద కూర్చోబెట్టి గంజి పోసింది అమ్మ. వాళ్ళలో కొందరి ఇళ్ళలో మగవాళ్ళు వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. అప్పట్నుంచీ సముద్రమంటే దూరం నుంచే దణ్ణం. అలాంటిది మొదటి సాయంత్రం మోకాళ్ళ లోతుకి వెళ్ళి నిలబడింది. మనకి సముద్రంలోంచి పొద్దు పొడుస్తుంది. అక్కడ పడమటి ఒడ్డు కాబట్టి సముద్రంలోనే కుంకుతుంది. "ఎనభై ఏళ్ళొచ్చాక చూశాను, నీళ్ళలోకి దిగే సూర్యుణ్ణి" అంది. "ఆయన కూడా రోజూ ఇదే చూసుంటాడు కదా" అని కాసేపాగి అంది. ఏ ఆయనో మేము అడగలేదు.

రెండో రోజు పొద్దున్నే ఒకతను ఇసుక మీద కొట్టుకొచ్చిన నాచుని దంతెతో లాగుతున్నాడు. నలభై దాటిన మనిషి. అమ్మ అరుగు మీద కూర్చుని, "ఇంత నాచు రోజూ ఎక్కణ్ణుంచి వస్తుందో" అని తనలో తనే అనుకుంటోంది. అతను దంతె ఆపి, "మీరు తెలుగువారా అమ్మా?" అన్నాడు. తర్వాత ప్రతి మాటా కూడబలుక్కుంటూ, "నేను కూడా తెలుగువాడను. నేను పాఠశాలలో తెలుగు చదివితిని" అన్నాడు.

పుస్తకంలోంచి దిగిన తెలుగు అది. అక్కడి ప్రభుత్వ బడుల్లో పిల్లలు తెలుగు చదువుకోవచ్చు. ఇంట్లో మాట్లాడేది మాత్రం క్రియోల్. ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దేశంలోనే జరిగాయి, అప్పుడు తను చిన్న పిల్లవాడినని చెప్పాడు. వాళ్ళ ఊళ్ళో రామభజనం చేస్తారు, సింహాద్రి అప్పన్నని కొలుస్తారు, అమ్మోరు పండగ చేస్తారు. అమ్మోరు అన్న మాట అతని నోట విని అమ్మ నోరు తెరిచింది. మన ఊళ్ళో పిల్లలు ఇప్పుడు ఆ మాట అనడం కూడా మానేశారు.

మర్నాటికి అతను ఫోన్లో ఒక కాగితం ఫొటో చూపించాడు. మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో వలస వచ్చినవాళ్ళ రికార్డులు భద్రంగా ఉన్నాయి. అక్కడికెళ్ళి తీయించుకున్నాడట. ఒక నంబరు, ఒక పేరు, తండ్రి పేరు, వయసు 22, ఊరు అన్నచోట కోరంగి. ఇంకేమీ లేదు. వాళ్ళింట్లో ఇప్పుడు ఇంటిపేరుగా రాసుకునేది ఆ మొదట వచ్చినాయన పేరే. అక్కడ చాలామందికి అంతే. అతను అడిగిందొక్కటే. "అమ్మా, మా అసలు ఇంటిపేరు ఏమై ఉండును? మీరు అక్కడే ఉన్నారు కదా, కనుక్కొని చెప్పగలరా?"

ఆ రాత్రి మాలో మాకు పెద్ద వాదన. ఒకరు, "అతనూ కోరంగి, మనమూ కోరంగి పక్కనే. మన ఇంటిపేరే చెప్పేద్దాం. కాదని ఎవడు నిరూపిస్తాడు? అతని మనసు కుదుటపడుతుంది, అమ్మ మనసూ కుదుటపడుతుంది" అన్నారు. ఇంకొకరు, "కోరంగి ఊరు కాదు, రేవు. విజయనగరం వాడు ఎక్కినా అదే రాసుంటారు. తెలియని ఇంటిపేరు అంటగడితే, రేపు పెళ్ళి సంబంధాలప్పుడు వాళ్ళ పిల్లలు దాన్నే నిజమనుకుంటారు" అన్నారు. కోడళ్ళు చెరో పక్కా చేరారు. మనవరాలు రికార్డుల ఫొటో పెద్దది చేసి చూస్తూ కూర్చుంది. అమ్మ అంతా విని, "రేపు నేనే చెబుతాను" అని దీపం ఆర్పేయమంది.

మర్నాడు ఆదివారం, అతనికి సెలవు. హోటలు హద్దు దాటి పక్కనే ఉన్న ప్రజల బీచికి ఇంటిల్లిపాదీ వస్తామని, మమ్మల్నీ రమ్మని ముందే పిలిచి ఉన్నాడు. ఇక్కడొక సంగతి చెప్పాలి. మారిషస్‌లో సముద్రపు ఒడ్డు ఎవరి సొంతమూ కాదు. పోటు నీరు పైకొచ్చే గీత వరకు బీచి అందరిదీ. ఆ గీత నుంచి లోపలికి 81 మీటర్ల 21 సెంటీమీటర్ల పట్టీని ఫ్రెంచివాళ్ళ కాలం నుంచీ పా జెయొమెట్రిక్ అంటారు. అది ప్రభుత్వ భూమి. హోటళ్ళు చాలావరకు దాన్ని కౌలుకి తీసుకుని కట్టుకున్నవే. చట్టం ప్రకారం ఆ ఊరి మనిషి మా గది ముందున్న ఇసుక మీద నడుచుకుంటూ పోవచ్చు. కాని మూడు రోజుల్లో అలా నడిచినవాళ్ళని మేము ఒక్కర్నీ చూడలేదు. రోడ్డు మీంచి రావాలంటే గేటుంది, గేటుకి పట్టీ ఉంది. "ఎవరూ రాని చోటు" అని మనవరాలు డబ్బు కట్టింది ఇందుకే. రాని చోటుకీ రానివ్వని చోటుకీ తేడా అక్కడే తెలిసింది.

హద్దు దాటి పది నిమిషాలు నడిచాం. సరుగుడు తోట. వాళ్ళు దాన్ని ఫిలావో అంటారు గానీ అదే చెట్టు, అదే ఈల చప్పుడు. చెట్ల కింద గుడారాలు, గుండిగలు, చాపలు, మూలనో రవాన్ డప్పు, దాని చుట్టూ సెగా పాట. అచ్చం మన కార్తీక వనభోజనాలే. అతని భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి, చుట్టాలు ఓ పదిహేను మంది ఉన్నారు. అతని తల్లికి తెలుగు మాట్లాడటం రాదు. అమ్మకి క్రియోల్ రాదు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని మునగాకు వలిచారు. కాసేపటికి ఆవిడ రామభజన కీర్తన ఒకటి ఎత్తుకుంది. మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న నోటుపుస్తకం ఆవిడ ఒళ్ళో ఉంది. ఉచ్చారణ అటూ ఇటూ అయినా వరస మాత్రం మన నాయనమ్మ వరసే. అమ్మ చేతులు తాళం వెయ్యడం మేము చూశాం.

భోజనాలయ్యాక అమ్మ అతన్ని పిలిచి చెప్పింది. "మా మనిషి కూడా ఒకాయన ఈ దేశం వచ్చాడు బాబూ. మాకు ఇంటిపేరు తెలుసు, ఆయన పేరు తెలీదు. నీకు పేరు తెలుసు, ఇంటిపేరు తెలీదు. రెండూ కలుస్తాయో లేదో నేను చెప్పలేను. తెలియకుండా చెప్పడం పాపం. వెతికిస్తాను మటుకు." మనవరాలు దాన్ని ఫ్రెంచిలోకి మార్చి చెప్పింది. అతను తల దించుకుని విన్నాడు. నిరాశపడ్డాడేమో అనుకున్నాం. కాసేపటికి తల్లితో క్రియోల్లో ఏదో చెప్పాడు, ఆవిడ అమ్మ చెయ్యి పట్టుకుంది.

తిరిగొచ్చేటప్పుడు ఆ కొండ కిందున్న స్మారకం దగ్గర ఆగాం. లె మోర్న్ కొండ మీద యజమానుల నుంచి పారిపోయిన బానిసలు దాక్కునేవారు. 1835లో మీకు విడుదల వచ్చిందని చెప్పడానికి పోలీసులు వెళ్తే, పట్టుకోవడానికే వస్తున్నారనుకుని వాళ్ళు కొండ మీంచి దూకేశారని అక్కడివాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటారు. 2008లో యునెస్కో ఆ కొండని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. మేము పొద్దున్నే కాఫీ తాగుతూ ఫొటోలు తీసుకున్న కొండ అదే. దాని కథ తెలిశాక కూడా కాఫీ తాగాం. కాని కుర్చీలు కొంచెం ఇటు తిప్పుకున్నాం.

మంగళవారం మా ప్రయాణం. సోమవారం పొద్దున్న అమ్మ సంచిలోంచి తుండు తీసింది. తెల్లటి నేత తుండు, ఎర్రంచు, ఒక మూల సంక్రాంతినాడు పెట్టిన పసుపు బొట్టు. నాచు లాగుతున్న అతన్ని పిలిచి, తూర్పుకి తిప్పి నిలబెట్టి, రెండు చేతులతో భుజం మీద వేసింది. "పెద్దలకి పెట్టిన బట్ట ఇంట్లోవాళ్ళే కట్టుకోవాలి" అంది. అంతకుమించి ఏమీ చెప్పలేదు. అతను దాన్ని కళ్ళకద్దుకుని, మడిచి, సంచిలో పెట్టుకున్నాడు.

సాయంత్రం గదులు సర్దే అమ్మాయి పరుగున వచ్చి మనవరాలితో ఏదో చెప్పింది. పని దిగి ఇంటికెళ్ళేవాళ్ళ సంచులు గేటు దగ్గర చూస్తారట. అతని సంచిలో తెల్ల తువ్వాలు దొరికిందని ఆపేశారు. అతిథులు ఇచ్చిన వస్తువు బయటికి తీసుకెళ్ళాలంటే చీటీ ఉండాలి. అతని దగ్గర చీటీ లేదు. అతిథి పేరు చెప్పి మమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక గంట నుంచీ నోరు విప్పకుండా నిలబడ్డాడు. పద్నాలుగేళ్ళ ఉద్యోగం.

మేము ఆరుగురం సామాన్లు మోసే ఆ బ్యాటరీ బండెక్కి గేటుకి వెళ్ళాం. కాపలాదారుని తప్పుపట్టలేం, అతని పని అతను చేస్తున్నాడు. సూపర్‌వైజరు మర్యాదగానే మాట్లాడాడు. తుండుని బల్ల మీద విప్పి పెట్టారు. ఎర్రంచు, పసుపు బొట్టు చూస్తే చాలు, హోటలు తువ్వాలు కాదని తెలిసిపోతుంది. అయినా చీటీ నింపాల్సిందే. వస్తువు పేరు, గది నంబరు, ఇవ్వడానికి కారణం. కారణం దగ్గర మనవరాలు ఆగింది. "ఏం రాయను అమ్మమ్మా? పెద్దలకి పెట్టిన బట్ట అంటే ఫ్రెంచిలో మాట లేదు." చివరికి కాదో ద ఫామీ అని రాసింది, కుటుంబం ఇచ్చే కానుక అని. సూపర్‌వైజరు చదివి తలెత్తాడు. "కుటుంబమా? ఇతను మీ చుట్టమా?"

మేము ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఔనంటే అబద్ధం కావచ్చు. కాదంటే అతని ఉద్యోగం మాటేమిటి? అతను మా వైపు చూడకుండా నేల చూస్తున్నాడు. మనవరాలు ప్రశ్నని తెలుగులోకి మార్చింది. అమ్మ తడుముకోలేదు. "మేమూ కోరంగీలమే అని చెప్పవే" అంది.

ఆ మాట తర్జుమా చెయ్యక్కర్లేకపోయింది. కోరంగీ అన్నది ఆ సూపర్‌వైజరుకీ, కాపలాదారుకీ కూడా తెలిసిన మాటే. అతను అమ్మని చూశాడు, దంతె పట్టే మనిషిని చూశాడు, చీటీ మీద ముద్ర వేశాడు. అమ్మ కింద తెలుగులో సంతకం చేసింది. తుండు గేటు దాటింది.

మర్నాడు విమానానికి టైముందని పోర్ట్ లూయీ వెళ్ళి ఆప్రవాసీ ఘాట్ చూశాం. వచ్చిన కూలీలు ఎక్కిన రాతిమెట్లు సముద్రం పక్కన ఇంకా ఉన్నాయి. మీరెవరైనా వెళ్తే హోటల్లో ఒక రోజు తగ్గించుకునైనా ఇది చూడండి. ఆదివారం సరుగుడు తోటలో ఒక పూట గడపండి. దానికి ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు. హోటలు బాగోలేదని మాత్రం మేము అనం. అమ్మని నాలుగు రోజులు ఎవరో ఒకరు కూర్చోబెట్టి వడ్డించారు. అది మన ఇళ్ళలో ఎనభై ఏళ్ళలో జరగలేదు. ఆ పిల్ల ఇచ్చిన కానుకకి విలువ కట్టలేం.

ఇప్పుడు మీ వల్ల కావాల్సిన పని. అతని కాగితంలోని పేర్లు, నంబరు అతని అనుమతి లేకుండా ఇక్కడ పెట్టం. కోరంగి, తాళ్ళరేవు, ఇంజరం, నీలపల్లి వైపు మీ ఇళ్ళలో కూడా "ఓడెక్కినవాడు" అన్న మాట ఉంటే, పెద్దవాళ్ళని అడిగి మాకు రాయండి. పాత దస్తావేజులు, పంపకాల కాగితాలు, గుడి చందాల పుస్తకాలు ఏవున్నా చెప్పండి. వాటాల్లో ఎవరి భాగమైనా ఖాళీగా వదిలిన చోట ఒక పేరు దొరకొచ్చు. మేము మడిచిపెట్టిన మన పత్రాలు కూడా ఒక్కొక్కటీ తీస్తున్నాం.

సంక్రాంతి సంగతి కూడా ఇంట్లో తేలాలి. తుండు చేరాల్సిన దేశం చేరిందిగా, ఇంక మానేద్దామా అని మాలో ఒకరు అడిగారు. అమ్మ బియ్యం ఏరుతూ, "ఒక్కడే వెళ్ళాడేంట్రా ఓడలో? ఈసారి రెండు కొనండి" అంది.